మిగిలిన గంటలు

పొద్దున్న ఫోను వచ్చినప్పటి నుంచీ ఆయన ఆ కుర్చీ దిగలేదు.

అది మామూలు కుర్చీ అయితే బాధే లేదు. పాత కారులోంచి ఊడదీసిన సీటు అది. ఎడమ చేతి పక్కన పైకీ కిందికీ ఆడే ఇనప లీవరు, మోకాళ్ళ మధ్య నిలబడ్డ కర్ర, పాదాల కింద రెండు పెడళ్ళు. అన్నీ ఆయన తన రోలింగ్ షట్టర్ల షాపులో మిగిలిన సామానుతో సొంతంగా బిగించుకున్నవే. ముందుగదిలో సగం దానికే పోయింది. ఇంటికి ఎవరైనా వస్తే దాన్ని చుట్టి వస్తే గానీ సోఫా చేరలేరు.

ఏడాదిగా ఆ కుర్చీలో కూర్చున్నది ఆయన భార్య. వెనకాల నిలబడి, "లీవరు లేపు, ఎడమ పెడలు తొక్కు, కర్ర ముందుకి, ముందుకి అంటుంటే" అని పాఠం చెప్పింది ఆయన. ఇవాళ కుర్చీకి దాని అసలు యజమాని తిరిగొచ్చాడు.

"విన్నావా? ఫిట్ అన్నారు. ఏ షరతూ లేదు, పూర్తిగా ఫిట్" అన్నాడు, అప్పటికి ఎన్నోసారో.

"విన్నానండీ. నాకూ సంతోషంగా ఉంది."

అది అబద్ధం కాదు. గుండె కొట్టుకోవడంలో ఏదో తేడా ఉందని, ఎగరకూడదని పోయినేడు వైద్య పరీక్షలో ఆయన్ని ఆపేసినప్పుడు, ఆ మనిషి షాపుకి వెళ్ళకుండా గోడకేసి తిరిగి పడుకున్న రోజులు ఆమెకి గుర్తే. గుండె బాగుందంటే ఏ భార్యకి సంతోషం ఉండదు? కాకపోతే ఆ సంతోషం కింద ఇంకోటేదో చల్లగా జారుతోంది. దాన్ని పట్టుకుని చూడ్డానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

ఆయన లీవరు మీద చెయ్యేసి ఆమె వైపు తిరిగాడు. కళ్ళ నిండా ప్రేమ.

"మొత్తానికి నీకు పీడ విరగడైంది."

ఆమె నవ్వింది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో చెప్పాలి.

"ఎవరికిరా విరగడైంది?" భోజనాల బల్ల దగ్గర కాఫీ తాగుతూ అత్తగారు అడిగింది.

"తనకేనమ్మా. ఇంక వెళ్ళక్కర్లేదు. నా గంటలు నేనే ఎగురుతా."

నా గంటలు. ఆ మాట గదిలో పడి అక్కడే ఉండిపోయింది.

నిజమే మరి, అవి ఆయన గంటలే. హెలికాప్టరు నేర్పే స్కూలు వాళ్ళు గంటకింత అని తీసుకుంటారు. గంటంటే గాల్లో ఉన్న గంట కాదు, రెక్కలు తిరిగిన గంట. నేల మీద నిలబడి తల గోక్కుంటున్నా మీటరు మీటరే. గంటలన్నీ ఒకేసారి మూటగా కొంటే చౌకగా ఇస్తారు, కానీ కట్టిన డబ్బు వెనక్కి రాదు. కొన్నవాడు ఎగరలేకపోతే ఇంట్లోవాళ్ళు ఎగరొచ్చు. ఈయన మూట కొన్నాడు, ఆ తర్వాత డాక్టర్లు ఆపేశారు, డబ్బేమో వెనక్కి రాదు. అందుకని పెళ్ళాన్ని ఎక్కించాడు. ఇంత తిక్క లెక్క ఇంకే ఇంట్లోనైనా వేస్తారో లేదో గానీ ఈ ఇంట్లో వేశారు.

ఆ డబ్బు పైగదిది. ఇంటి వెనకాల మెట్లు కట్టారు, మెట్ల పైన తలుపు పెట్టే చోటు కూడా వదిలారు. గది మాత్రం లేదు. బట్టలు ఆరేసుకోవడానికి ఎక్కుతారు, దిగుతారు. ఆ గదిలో పడుకోవాల్సిన అత్తగారు ముందుగదిలో కుర్చీ పక్కనే మంచం వేసుకుని పడుకుంటోంది. "ఈ లైసెన్సుతో పైసా సంపాదించకూడదట, సరదాకి ఎగరాలట, దానికి నా గది గాల్లో కలిసింది" అని వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది.

వెళ్ళనని ఆమె అప్పట్లో తక్కువ గొడవ చెయ్యలేదు. "మీ కోరిక నా నెత్తిన రుద్దకండి" అంది. "కుర్చీ ఎక్కి బల్బు మార్చాలంటేనే నాకు కాళ్ళు వణుకుతాయి" అంది. "మీ బదులు పరీక్ష రాయడానికి నేను దొరికానా" అంది. ఆడపడుచుకి ఫోన్ చేసి ఏడ్చింది. చుట్టాల పెళ్ళిలో నలుగురి ముందూ చెప్పి నవ్వించింది. ఆమెకి ఇష్టం లేదన్న సంగతి తెలియనివాళ్ళు వాళ్ళ బంధువుల్లో లేరు.

తర్వాత ఒక పొద్దున ఆ యంత్రం భూమికి మూరెడు ఎత్తున, ఆమె చేతుల్లో, అటూ ఇటూ పోకుండా నిలబడింది. ఒక్క ఊపిరి సేపు. ఇన్‌స్ట్రక్టరు తన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూపించాడు, నేను పట్టుకోలేదు మేడమ్ అన్నట్టు. అంతే. కిందికి దిగాక ఆమెకి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి మాత్రం యథాప్రకారం సణిగింది. అలవాటైన సణుగుడు ఒక్కసారిగా మానేస్తే అనుమానం వస్తుంది కదా. సణుగుతూనే, రేపటి క్లాసుకి వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీ చేసుకుంది.

ఇప్పుడు ఏ నోటితో చెప్పాలి?

* * *

ఆమె పని చేసేది వినికిడి పరీక్షల క్లినిక్‌లో. చిన్న గది, దాని లోపల అద్దం ఉన్న ఇంకో బుల్లి గది. ఆ బుల్లి గదికి కిటికీ లేదు, గోడలకి మందపాటి మెత్త, తలుపు మూస్తే బయట లారీ వెళ్ళినా తెలియదు. పరీక్షకి వచ్చినవాళ్ళు అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆమె అద్దం ఇవతల కూర్చుని సన్నటి చప్పుళ్ళు పంపుతుంది. "వినిపిస్తే చేయి ఎత్తండి. ఎంత సన్నగా వినిపించినా సరే, ఎత్తండి." రోజంతా ఇదే మాట.

మధ్యాహ్నం ఇన్‌స్ట్రక్టరు నుంచి ఫోన్ వచ్చింది. మాటల పొదుపరి. అత్తగారు ఆయనకి గాలిమాస్టారని పేరు పెట్టింది.

"మేడమ్, ఈసారి క్లాసులో మధ్యలో నేను దిగిపోతాను. మీరు ఒక్కరే ఒక చుట్టు తిరిగి రండి."

ఆమె చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నా బరువు పోయాక అది మీ వైపుకి కొంచెం వాలుతుంది. కంగారు పడకండి. దానికి తగ్గట్టు పట్టుకోండి, అంతే. ఇంట్లో ముందే చెప్పకండి. చెబితే మిమ్మల్ని నిద్రపోనివ్వరు."

మా ఆయనకి ఫిట్ అన్నారు, ఇక మీదట ఆయనే వస్తారు అని చెప్పాల్సింది అప్పుడే. ఆమె చెప్పలేదు. "సరే సర్" అని ఫోన్ పెట్టేసి, ఆ ఫోనునే చూస్తూ కూర్చుంది.

తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది.

"మీరేంటత్తయ్యా, ఇలా వచ్చారు?"

"చెవుల పరీక్ష చేయించుకోమని ఎన్నాళ్ళుగానో చంపుతున్నావుగా. చెయ్యి."

వినికిడి పరీక్షలు చేసే కోడల్ని ఇంట్లో పెట్టుకుని, నా చెవులకేం రోగం అని ఇన్నేళ్ళూ మొండికేసిన మనిషి ఆమె. ఇవాళ తనంత తనే వచ్చి బుల్లి గదిలో కూర్చుంది. కోడలు హెడ్‌ఫోన్లు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆ తలుపు వెయ్యి. ఇక్కడ మాట్లాడితే బయటికి వినపడదుగా?"

"వినపడదు."

"మన ఇంట్లో గోడలకి చెవులున్నాయి. అందుకని వచ్చా." కోడల్ని కిందనించి పైదాకా చూసింది. "పొద్దున వాడు పీడ విరగడైంది అన్నప్పుడు నీ ముఖం చూశాను. ఏమైందే?"

"ఏమీ లేదత్తయ్యా."

"ఏమీ లేకపోతే కాఫీలో పంచదార రెండుసార్లు ఎందుకు వేశావు?"

ఆమె తల దించుకుంది. ఈ గదిలో గాలి ఎప్పుడూ కొంచెం ఉక్కగానే ఉంటుంది. ఇవాళ మరీ ఉక్కగా ఉంది. చెప్పేస్తే? ఎవరి గది డబ్బు తను ఏడాదిగా గాల్లో తగలేసిందో ఆ మనిషితోనే, ఇంకా తగలెయ్యాలని ఉందని చెప్పడమా? మొగుడికి ప్రాణమైనది మొగుడికి దొరికిన రోజునే అది నాక్కావాలని అడగడమా?

"నిజంగా ఏమీ లేదు" అంది.

అత్తగారు నిట్టూర్చి హెడ్‌ఫోన్లు తనే తీసి పెట్టుకుంది. కోడలు బయటికి వచ్చి, తలుపు మూసి, అద్దం ఇవతల కూర్చుని చప్పుడు పంపింది. చెయ్యి లేవలేదు. ఇంకొంచెం పెంచింది. లేవలేదు. మామూలుగా మాట్లాడినంత గట్టిగా పంపింది. ఈ చప్పుడు ఆవిడకి వినపడి తీరాలి. అద్దం అవతల అత్తగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కోడలి కళ్ళలోకి చూస్తూ కూర్చుంది.

కోడలు లేచి వెళ్ళి తలుపు తీసింది.

"అత్తయ్యా, వినిపిస్తోందిగా మీకు? చెయ్యి ఎందుకెత్తరు?"

"నువ్వు చెప్పాల్సింది చెప్పకపోతే నేను మాత్రం ఎందుకు ఎత్తాలి? నోరు తెరిచి చెప్పు. అప్పుడు ఎత్తుతా." హెడ్‌ఫోన్లు కోడలి చేతిలో పెట్టి, చీర సర్దుకుని వెళ్ళిపోయింది.

* * *

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నాడు. నుదుటి మీద చెమట. కర్రని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజుతున్నాడు. షట్టరు స్ప్రింగులు కిర్రుమంటున్నాయి.

సంచి కింద పెట్టి కాసేపు చూస్తూ నిలబడింది. ఊరుకుందామనే అనుకుంది. చేతకాలేదు.

"అక్కడ కర్ర అంత గట్టిగా ఉండదండీ."

"ఊఁ?"

"రెండు వేళ్ళు చాలు. పట్టుకున్నట్టు కాదు, ఊరికే ఆనించినట్టు ఉండాలి. గుంజితే అది మనతో దెబ్బలాడుతుంది." కుర్చీ వీపు మీద చెయ్యేసింది. "దీనిమీద కూర్చుని వెళ్ళిన ప్రతిసారీ, ముందు దీన్ని మరిచిపోవడానికే అక్కడ టైము పోయేది."

కిర్రుమనడం ఆగింది.

"ఏడాదిగా ఒక్కసారైనా చెప్పలేదే?"

"మీరు చేసిన కుర్చీ కదా అని."

ఆయన ముఖం చిన్నబోయింది. కర్ర వదిలేసి అరచేతులు చూసుకున్నాడు. ఎర్రగా అచ్చులు పడి ఉన్నాయి. ఆ చేతులతోనే ఆయన ఆదివారాలన్నీ ఈ కుర్చీ దగ్గర కూర్చుని మరలు బిగించాడు. అది గుర్తొచ్చి, అనకుండా ఉండాల్సింది అనుకుంది ఆమె.

"అంటే నేను చేసింది నీ చెయ్యి పాడు చేసిందన్నమాట" అన్నాడు చివరికి. "ఇంకా నయం. నీకెలాగూ ఇష్టం లేదు కాబట్టి సరిపోయింది."

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

అనేసింది. చాలా మెల్లిగా అంది, కానీ అనేసింది.

ఆయన మొదట నవ్వాడు. "ఎవరా? నువ్వే. నా కోరిక నీ నెత్తిన రుద్దానన్నావు. నా బదులు పరీక్ష రాయడానికి దొరికానా అన్నావు. చెల్లికి ఫోన్ చేసి ఏడిస్తే అది నన్ను తిట్టింది. పెళ్ళిలో అందరి ముందూ నన్ను..." నవ్వుతూనే ఆమె వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఏంటి నీ ఉద్దేశం?"

ఆమె వంగి కింద పెట్టిన సంచి తీసుకుంది.

"ఏంటని అడుగుతున్నా."

"నాకు... ఇప్పుడిప్పుడే చేతికొస్తోందండీ."

"వస్తే?"

వస్తే ఏమిటో ఆమెకీ తెలియదు. తను అన్న మాటలే తన చుట్టూ గోడల్లా లేచాయి. ఒక్కో ఇటుకా తను పేర్చుకున్నదే.

"ఆ డబ్బు కట్టింది నేను" అన్నాడు ఆయన. అరవలేదు, అదే కష్టం. అరిస్తే తిరిగి అరవొచ్చు. "చిన్నప్పటి నుంచీ అనుకున్నది నేను. నీకు అది ఏనాడైనా కలలోకైనా వచ్చిందా?"

"రాలేదు."

"మరి?"

"కలలోకి రాకుండానే చేతికొచ్చింది. నేనేం చెయ్యను?"

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. లేవబోయి లీవరుకి మోకాలు తగిలించుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళే.

మంచం మీద ఉన్న అత్తగారు అప్పుడు నోరు విప్పింది. ఇద్దరు పిల్లల్ని పెంచినప్పుడు బిస్కట్టు దగ్గర్నించి దుప్పటి దాకా ఆవిడ చేసిన న్యాయం ఒకటే.

"చెరి సగం పంచుకోండి. రేపటి క్లాసులో సగం వాడు, సగం నువ్వు. మిగిలినవీ అంతే. ఇంట్లో ఈ రంపపు కోత నేను పడలేను."

"సరే" అన్నాడు ఆయన వెంటనే. "నాకు అభ్యంతరం లేదు."

ఆమె మనసులో లెక్క వేసుకుంది. మిగిలిన గంటలు ఒక్కరికైతే సరిపోతాయి. ఇద్దరికైతే ఎవరికీ సరిపోవు. ఆయన ఏడాది ఆగిపోయాడు కాబట్టి మళ్ళీ మొదటి నుంచి రావాలి. తను ఇప్పుడు ఆగితే తన చెయ్యీ మరిచిపోతుంది. మళ్ళీ మూట కొందామంటే, పెట్రోలు పేరు చెప్పి గంట రేటు ఎక్కడికో తీసుకుపోయారు. షట్టర్ల బేరాలూ అంతంత మాత్రమే.

"సగంతో ఇద్దరికీ లైసెన్సు రాదండీ" అంది.

"అయితే నీకు మొత్తం కావాలా?"

ఆయన అలా సూటిగా అడుగుతాడని ఆమె అనుకోలేదు. అవునని చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. అత్తగారు మంచం మీద ముందుకి వంగి, కోడలి నోటి వైపే చూస్తోంది.

"సగం చాలు" అంది ఆమె.

అత్తగారు దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది. ఇంకా దీపాలు కూడా పెట్టలేదు, ఆవిడ పడుకునే వేళ కాదు.

* * *

మర్నాడు అత్తగారు కూడా కారెక్కింది.

"మీరెందుకత్తయ్యా? అక్కడ కూర్చోవడానికి నీడ కూడా ఉండదు."

"నా పైగది ఎక్కడ ఎగురుతోందో నేను చూడొద్దా?"

దారంతా ఆయన మధ్యమధ్యలో స్టీరింగు మీద వేళ్ళు సడలించి చూసుకుంటున్నాడు. రెండు వేళ్ళు ఆనించి పట్టుకోవడం. ఆమె అది గమనించింది. ఆ మనిషి మీద కోపం నిలుపుకోవడం ఎంత కష్టమో ఆమెకి మళ్ళీ తెలిసొచ్చింది.

ఊరవతల మైదానం, చుట్టూ కంచె, ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి కర్రకి కట్టిన పొడుగాటి గుడ్డ సంచి. సిమెంటు గచ్చు మీద హెలికాప్టరు నిలబడి ఉంది. బొమ్మలో చూసిన దానికంటే చిన్నది. "ఇంతేనా?" అంది అత్తగారు. పైగది మొత్తం కలిపినా ఇంతేనా అని ఆవిడ బాధ.

ఆయన ముందే వెళ్ళి ఇన్‌స్ట్రక్టరు చెయ్యి పట్టుకుని ఊపుతూ శుభవార్త చెప్పాడు. ఇన్‌స్ట్రక్టరు ఆయనకి అభినందనలు చెప్పి, మొదటి సగం ఆయనది, రెండో సగం ఆమెది అన్న ఒప్పందం విని తలూపాడు. భర్త యంత్రం చుట్టూ తిరిగి చూసుకుంటుండగా ఇన్‌స్ట్రక్టరు ఇటు ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇంట్లో చెప్పలేదా మేడమ్?"

"మీరే కదా సర్ చెప్పొద్దన్నారు?"

"నేను చెప్పొద్దన్నది మీరు ఒక్కరే ఎగరబోతున్న సంగతి. మీకు ఎగరాలని ఉన్న సంగతి కాదు."

ఇన్‌స్ట్రక్టరు ఇంకేమీ అడగకుండా వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు. కుడి సీట్లో భర్త. ఇంజను హోరులో మాటలు వినడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క హెడ్‌సెట్ ఆయన చెవుల మీద ఉంది. కొన్నదీ ఆయన కోసమే.

రెక్కలు తిరిగాయి. దుమ్ము లేచింది. మీటరు మొదలైందన్నమాట.

యంత్రం నేలని వదిలింది, ముక్కు కిందికి వంచింది, ఉలిక్కిపడినట్టు పైకెత్తింది, తోక ఒక పక్కకి కొట్టుకుపోయింది. మళ్ళీ సర్దుకుంది. సర్దింది ఇన్‌స్ట్రక్టరని ఆమెకి ఇంత దూరం నుంచీ తెలుస్తోంది. మళ్ళీ ఆయన చేతికిచ్చినట్టున్నాడు, మళ్ళీ ముక్కు, మళ్ళీ తోక. ఎగురుతున్నది ఆయన కాదు, ముందుగదిలోని ఆ కుర్చీ. ఇంజను గొంతు మారినప్పుడల్లా ఆమెకి ముందే తెలిసిపోతోంది. ఇదిగో ఇప్పుడు లీవరు మరీ లేపాడు. ఇప్పుడు భయపడి దించేశాడు. వదిలెయ్యండీ, అంత గట్టిగా పట్టుకోకండి అనుకుంది. ఆయన బాగా ఎగరాలని నిజంగానే కోరుకుంది. ఎగరకపోతే బాగుండునని కూడా కోరుకుంది. రెండూ ఒకే గుండెలో ఎలా పట్టాయో మరి.

"నీ వేళ్ళేంటే అలా కదులుతున్నాయి?" అంది పక్కన నిలబడ్డ అత్తగారు.

ఆమె చూసుకుంది. ఎడమ చెయ్యి నడుము పక్కన మెల్లగా లేస్తోంది, కుడి చేతి రెండు వేళ్ళు గాల్లో దేన్నో ఆనించి పట్టుకున్నాయి, మడమ ఆనించిన ఎడమ కాలు గడ్డిని నొక్కుతోంది. గబుక్కున పిడికిళ్ళు బిగించుకుంది.

అత్తగారు ఆ పిడికిళ్ళ వైపు చూసింది, పైన తూలుతున్న యంత్రం వైపు చూసింది, మళ్ళీ పిడికిళ్ళ వైపు చూసింది. ఎన్నడూ లేనిది, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళి కారుకి ఆనుకుని నిలబడింది.

ఒప్పుకున్న సగం ఎప్పుడో దాటిపోయింది. చివరికి యంత్రం గచ్చు మీద ఒక పక్కగా ఆని, కుదుపుతో నిలబడింది. రెక్కలు ఆపలేదు. ఆపి మళ్ళీ మొదలుపెడితే అదంతా దండగ కింద పోతుంది. కుడివైపు తలుపు తెరుచుకుంది. భర్త హెడ్‌సెట్ చేత్తో పట్టుకుని, తల వంచుకుని, రెక్కల కింద నుంచి, ఎవరూ దాటకూడదని గడ్డి మీద గీసిన తెల్ల గీత దగ్గర నిలబడ్డ ఆమె దాకా వచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. కళ్ళు మాత్రం చిన్నపిల్లాడి కళ్ళలా వెలుగుతున్నాయి.

ఆమె హెడ్‌సెట్ కోసం చెయ్యి చాపింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. వేలితో తన గుండె మీద తట్టి, యంత్రం వైపు చూపించాడు. ఏదో అరిచాడు. ఆ హోరులో ఎదుటి మనిషి అరుపు కూడా వినపడదు. పెదవులు చూసి అర్థం చేసుకుంది. ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది, ఇంకొక్కసారి.

ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది. నిన్న సాయంత్రం తను అన్న మాటే.

ఇంకొక్కసారి ఆయన ఎక్కితే ఇవాళ్టికి టైము అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో సగం, అందులో మళ్ళీ ఇంకొక్కసారి. తనకి తెలుసు. ఒక చుట్టు, ఒక్కటే చుట్టు, పక్క సీట్లో ఎవరూ లేకుండా, ఆ వాలుకి తగ్గట్టు తనే పట్టుకుని తిరిగిరావడం ఇవాళ కాకపోతే ఇంక లేదు. సరే, మీరే వెళ్ళండి అనడానికి తల దానంతటదే వంగబోయింది. ఏళ్ళ తరబడి అలవాటైన వంపు అది.

లోపలి నుంచి ఇన్‌స్ట్రక్టరు వాళ్ళిద్దరినీ చూశాడు. అరచేతులు రెండూ విప్పి చూపించాడు. ఎవరు? రెక్కలు తిరుగుతున్నాయి, తొందరగా చెప్పండి.

చెప్పినా వినపడదు. ఇంట్లో వినపడేచోట చెప్పలేకపోయింది, ఇక్కడ చెప్పినా వినపడదు.

రోజంతా, ఏళ్ళ తరబడి, అద్దం ఇవతల కూర్చుని ఎందరికో చెప్పింది. ఎంత సన్నగానైనా సరే, ఎత్తండి అని.

ఆమె కుడి చెయ్యి ఎత్తింది. మొదట భుజం దాకా లేచింది, అక్కడ కాసేపు ఆగింది. తర్వాత తల పైదాకా ఎత్తి, అలాగే ఉంచింది. దించలేదు.

భర్త ఆ చెయ్యి వైపు చూశాడు. అంత దగ్గరగా నిలబడి, ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అందులో కోపం లేదు. కోపం కంటే కష్టమైనదేదో ఉంది. తర్వాత ఆయన చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ఆమె తల తిప్పి చూసింది.

కంచె అవతల కారుకి ఆనుకుని నిలబడ్డ అత్తగారి కొంగు గాలికి ఎగిరిపోతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, కోడలి వైపే చూస్తూ, రెండో చెయ్యి ఆవిడ నిటారుగా పైకెత్తింది.

హెడ్‌సెట్ ఇంకా భర్త చేతుల్లోనే ఉంది. ఆయన అది ఇవ్వలేదు, తిరిగి చెవులకీ పెట్టుకోలేదు. లోపల మీటరు తిరుగుతూనే ఉంది.